నెల తప్పిన కొత్తలో తలపోటు, మెడ నొప్పి: ఏది ముందు చెయ్యాలి, ఏది తర్వాత

"మేడం, నాకు రెండో నెల. లేచేసరికి మెడ పట్టేసి ఉంటోంది, మధ్యాహ్నం దాటాక తల పగిలిపోతోంది. మాత్ర వేసుకోవచ్చా, వేసుకోకూడదా?"

నేను శ్రీకాకుళంలో ఫిజియోథెరపీ చేస్తుంటాను. వారం తిరక్కుండా ఎవరో ఒకరు ఈ ప్రశ్న అడుగుతూనే ఉంటారు. కొందరు అప్పటికే పక్కింటావిడ ఇచ్చిన మాత్రేదో మింగేసి వస్తారు. ఇంకొందరు "కడుపుతో ఉన్నప్పుడు ఏదీ వేసుకోకూడదట" అని మూడు నాలుగు రోజులు పంటి బిగువున ఓర్చుకుని, తిండీ నిద్రా పోయాక వస్తారు. ఇద్దర్నీ చూస్తే బాధగానే ఉంటుంది, ఎందుకంటే రెండూ అక్కర్లేదు.

అందుకే మొదటి మూడు నెలల మట్టుకు, చెయ్యాల్సినవన్నీ వరసలో రాస్తున్నాను. ముందు ప్రమాదం లేదని తేల్చుకోవాలి. తర్వాత నీళ్లు, తిండి, చీకటి గది. ఆ తర్వాత మెడ. అప్పటికీ తగ్గకపోతే మాత్ర. దయచేసి ఈ వరస మార్చకండి.

1. ఇది ఇంట్లో చూసుకునే నొప్పేనా?

కింద రాసిన వాటిలో ఒక్కటి ఉన్నా కాపడాలు, మర్దనాలు వద్దు. 108కి ఫోన్ చెయ్యండి, లేదా ఆటోలోనో కారులోనో వెంటనే పెద్దాసుపత్రికి వెళ్లండి. కళ్లు తిరిగే మనిషిని బైక్ వెనక కూర్చోబెట్టుకుని తీసుకెళ్లొద్దు.

☐ ఉన్నట్టుండి, నిమిషం లోపే, ఎప్పుడూ ఎరగనంత తీవ్రంగా వచ్చిన తలనొప్పి
☐ జ్వరంతో పాటు మెడ బిగుసుకుపోయి, గడ్డం గుండెకు ఆనించలేకపోవడం
☐ చూపు మసకబారడం, ఒకటి రెండుగా కనబడటం
☐ మాట తడబడటం, మూతి వంకర పోవడం, ఒకవైపు చెయ్యి కాలు పట్టు తప్పడం, మూర్ఛ, మగత
☐ తలకు దెబ్బ తగిలాక మొదలైన నొప్పి
☐ పడుకున్నా, దగ్గినా ఎక్కువవుతూ, రోజురోజుకూ పెరుగుతున్న నొప్పి
☐ తలనొప్పితో పాటు బీపీ 140/90 లేదా ఆ పైన ఉండటం. 160/110 దాటితే క్షణం ఆగకూడదు
☐ 24 గంటలుగా గుక్కెడు నీళ్లు కూడా కడుపులో నిలవకపోవడం, మూత్రం బాగా తగ్గిపోవడం
☐ పొత్తికడుపులో నొప్పి, రక్తం కనబడటం, కళ్లు తిరగడం, వీటితో పాటు భుజం చివర నొప్పి

ఆ చివరి దాని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. ఒక్కోసారి పిండం గర్భసంచిలో కాకుండా ట్యూబులో పెరుగుతుంది. ట్యూబు పగిలితే రక్తం కడుపు లోపలే కారుతుంది. ఆ రక్తం ఊపిరితిత్తుల కింద ఉండే పొరను తాకితే నొప్పి భుజం కొసన, చెయ్యి మొదలయ్యే చోట తెలుస్తుంది. మెడ పట్టేసిన నొప్పికీ దీనికీ తేడా ఉంది. మెడ నొప్పి మెడ తిప్పితే పెరుగుతుంది, నొక్కితే నొప్పి ఉన్న చోటు దొరుకుతుంది. ఈ భుజం నొప్పికి నొక్కితే చోటు దొరకదు, మెడ ఎటు తిప్పినా తేడా ఉండదు. ఇది ఎక్కువగా 12 వారాల లోపే బయటపడుతుంది. పిండం గర్భసంచిలోనే ఉందని స్కాన్‌లో ఇంకా తేలని వాళ్లు దీన్ని బాగా గుర్తు పెట్టుకోండి. భుజానికి నూనె రాసుకుంటూ ఇంట్లో కూర్చుంటే ప్రాణం మీదికి వస్తుంది.

జ్వరంతో తలనొప్పి వస్తే అదే రోజు రక్తపరీక్ష చేయించుకోండి. మన్యం వైపు పుట్టిల్లో, అత్తిల్లో ఉన్నవాళ్లు మలేరియా పరీక్ష ముందుగా అడగండి. ఆ ఊళ్లలో ఆశా కార్యకర్త దగ్గరే వేలి చుక్కతో చేసే కిట్ ఉంటుంది. గర్భిణికి మలేరియా వస్తే మామూలు వాళ్ల కంటే ముదురుతుంది.

2. ఎందుకొస్తుందో, ఏ రకమో

వేవిళ్లతో ఒంట్లో నీరు పోతుంది. వాసన పడక అన్నం మానేస్తాం, దాంతో నీరసం. రాత్రి రెండు మూడుసార్లు మూత్రానికి లేస్తే నిద్ర చెదురుతుంది. టీ, కాఫీ ఒక్కసారిగా మానేస్తాం. వీటికి హార్మోన్లు, ఒంట్లో పెరుగుతున్న రక్తం తోడవుతాయి. ఇంతకు మించిన కారణం చాలామందిలో ఉండదు.

మెడ సంగతి వేరు. మెడ పైభాగం నుంచి వచ్చే నరాలూ, ముఖం నుదురు నుంచి వచ్చే నరాలూ మెదడు అడుగున ఒకేచోట కలుస్తాయి. అందుకే మెడ వెనక కండరం బిగిస్తే పోటు నుదుటి మీదో, కంటి వెనకో తెలుస్తుంది. నుదుటికి ఎంత రాసినా తగ్గని నొప్పి మెడ వెనక సర్దితే తగ్గేది ఇందుకే.

తల చుట్టూ గుడ్డ బిగించి కట్టినట్టుంటే, మెడ, భుజాలు కూడా గట్టిపడి ఉంటే అది కండరాల బిగువు. తలకు ఒకవైపే పోటు కొడుతూ, వెలుతురు చూడలేక, వాంతి వచ్చేలా ఉంటే పార్శ్వపు నొప్పి. ఇంతకుముందు ఉన్నవాళ్లకి మొదటి మూడు నెలలు కొంచెం ఎక్కువై, నాలుగో నెల నుంచి చాలామందికి తగ్గుతుంది. ముక్కు దిబ్బడతో, ముందుకు వంగితే బుగ్గలూ కనుబొమ్మల పైనా బరువెక్కితే సైనస్. దానికి మందేమీ కలపని వేడి నీళ్ల ఆవిరి చాలు.

3. ముందే దగ్గర పెట్టుకోవాల్సినవి

నొప్పి వచ్చాక వెతుక్కుంటే ఒక్కటీ దొరకదు. మంచం పక్కన చిన్న బుట్టలో ఇవి పెట్టుకోండి.

☐ లీటరు సీసా. రోజుకు రెండుసార్లు నింపితే ఎంత తాగామో తెలుస్తుంది
☐ ఓఆర్ఎస్ పాకెట్లు రెండు. ఒక పెద్ద పాకెట్ లీటరు నీళ్లలో మొత్తం కలపాలి, సగం సగం కాదు
☐ తినడానికి పొడిగా ఏదైనా: అటుకులు, మరమరాలు, బిస్కెట్లు
☐ మెత్తని పాత తువ్వాళ్లు రెండు
☐ కొబ్బరి నూనె చిన్న సీసా
☐ పారాసిటమాల్ 500 ఎంజీ స్ట్రిప్, వేసుకోవచ్చని మీ డాక్టర్ చెప్పి ఉంటేనే
☐ తల్లీ బిడ్డల కార్డు, పాత చీటీలు, స్కాన్ రిపోర్టు ఒకే కవరులో
☐ గోడ క్యాలెండర్, పెన్ను

క్యాలెండర్ ఎందుకో చివర్లో చెప్తాను. బీపీ మిషన్ ఉంటే మంచిదే. లేకపోతే పీహెచ్‌సీలోనో, ఏఎన్ఎం దగ్గరో చూపించుకోండి. బీపీ చూసేముందు 5 నిమిషాలు వీపు ఆనించి కూర్చోవాలి. ఎండన పడి వచ్చీ రాగానే చూస్తే ఎక్కువ చూపిస్తుంది.

4. నొప్పి మొదలైన మొదటి గంట

మొదటి అడుగు: చేస్తున్న పని ఆపండి. పొయ్యి మీద ఉన్నది ఇంకొకరికి అప్పజెప్పండి. గంటలో తగ్గాల్సిన నొప్పి, "ఈ కూర ఒక్కటీ అయిపోనీ" అనుకుంటే సాయంత్రం దాకా సాగుతుంది.

రెండో అడుగు: జడ విప్పండి. బిగించి వేసిన జడ, దానికి తోడు బరువుగా పూలమాల ఉంటే నెత్తి చర్మం పొద్దంతా లాగి పట్టుకుని ఉంటుంది. వేవిళ్లలో మల్లెపూల వాసన కూడా కొందరికి తలపోటు తెస్తుంది. రబ్బరు బ్యాండు తీసేసి, వేళ్లతో మాడు మీద మెల్లగా వదులు చేసుకోండి. కొంతమందికి ఇక్కడితోనే సగం తగ్గుతుంది.

మూడో అడుగు: నీళ్లు. వాంతి లేకపోతే ఒక గ్లాసు నిదానంగా తాగండి. వాంతి ఉంటే గ్లాసు ఎత్తకండి. ప్రతి 5 నిమిషాలకు రెండు మూడు చెంచాలు, ఓఆర్ఎస్ గానీ, ఉప్పేసిన పల్చటి మజ్జిగ గానీ, కొబ్బరి నీళ్లు గానీ. అరగంట అలా నిలిస్తే అప్పుడు గుక్కలుగా తాగండి.

నాలుగో అడుగు: తిని ఎంతసేపైందో చూసుకోండి. మూడు గంటలు దాటితే ఏదో ఒకటి తినాల్సిందే. అన్నం వాసన పడకపోతే చోడి (రాగి) అంబలి చల్లారాక తాగండి. గంజిలో ఉప్పేసుకున్నా, అరటిపండు తిన్నా, నాలుగు బిస్కెట్లు తిన్నా సరే. చల్లగా ఉన్నదానికి వాసన తక్కువ, అందుకని కడుపు దాన్ని ఒప్పుకుంటుంది.

ఐదో అడుగు: ఫ్యాను కింద, చీకటి చేసిన గదిలో పడుకోండి. ఫోన్ ఇంకో గదిలో పెట్టండి. పోటు కొట్టే నొప్పి అయితే చల్లటి నీళ్లలో తడిపి పిండిన గుడ్డ నుదుటి మీద, కణతల మీద 10 నుంచి 15 నిమిషాలు. బిగిసిన నొప్పి అయితే వేడి గుడ్డ మెడ వెనక వెయ్యండి. ఏది హాయిగా ఉంటే అదే సరైనది.

చాలా నొప్పులు ఈ గంటలోనే దిగుతాయి. మెడలో బిగువు మిగిలి ఉంటే కింది భాగం చూడండి.

5. మెడ పట్టేస్తే

ముందు కాపడం, తర్వాత మర్దన, ఆ తర్వాత కదలికలు. కాపడం పెట్టకుండా బిగిసిన మెడను తిప్పితే ఇంకా పట్టేస్తుంది.

కాపడం: తువ్వాలు వేడి నీళ్లలో ముంచి గట్టిగా పిండండి. మోచేతి లోపలి వైపు ఆనించి చూడండి. అక్కడ చురుక్కుమంటే మెడకూ ఎక్కువే. మెడ వెనక, భుజాల పైన 15 నిమిషాలు. ఉప్పు మూట అలవాటున్నవాళ్లు దాన్నే వాడొచ్చు, కాకపోతే మధ్యలో మందపాటి గుడ్డ ఉండాలి. కాపడం పొట్ట మీద పెట్టొద్దు, ఒళ్లంతా కాగేంత వేడి నీళ్ల స్నానమూ వద్దు.

మర్దన: ఇది ఇంట్లో వాళ్లు చెయ్యాలి. మీరు కుర్చీలో వెనక్కి తిరిగి కూర్చుని, వీపు ఆనే చోట దిండు పెట్టుకుని దాని మీద నుదురు వాల్చండి. పుర్రె కింద అంచు దగ్గర, వెన్నెముకకు అటూ ఇటూ రెండు చిన్న గుంటలుంటాయి. వాళ్లు నూనె రాసిన బొటనవేళ్లు అక్కడ ఆనించి, గోధుమపిండి ముద్ద నొక్కినంత మెల్లగా 20 సెకన్లు నొక్కి వదలాలి. అలా నాలుగైదు సార్లు. తర్వాత మెడ నుంచి భుజం కొస దాకా అరచేత్తో కిందికి రాయాలి. మొత్తం 7 నిమిషాలు చాలు. గొంతు ముందు, మెడ పక్కల నాడి కొట్టుకునే చోట ఒత్తకూడదు.

కదలికలు: ఇవి మీరే, రోజుకు రెండుసార్లు, నొప్పి లేని రోజు కూడా.

ఒకటి, గడ్డం వెనక్కి. గోడకు వీపు ఆనించి నిలబడండి. గడ్డం ఎత్తకుండా, దించకుండా, సొరుగు మూసినట్టు నేరుగా వెనక్కి జరపండి. తల వెనక భాగం గోడకు తగలాలి. 5 సెకన్లు ఉంచి వదలండి. 8 సార్లు. సరిగా చేస్తే పుర్రె కింద చిన్న సాగుడు తెలుస్తుంది. చూపు నేల మీదికి పోతే తల వంచేశారన్నమాట.

రెండు, భుజాలు. చెవుల దాకా ఎత్తి, వెనక్కి తిప్పి, ఒక్కసారిగా వదిలెయ్యండి. 10 సార్లు.

మూడు, పక్కకు వంచడం. కుర్చీలో కూర్చుని కుడి చేత్తో కుర్చీ అంచు పట్టుకోండి. తల మెల్లగా ఎడమ భుజం వైపు వంచి 15 సెకన్లు ఆగండి. చేత్తో లాగకండి, తల బరువే చాలు. రెండు వైపులా మూడేసి సార్లు.

నాలుగు, రెక్కలు దగ్గరికి. వీపు వెనక రెండు రెక్కల మధ్య పెన్ను పట్టుకున్నట్టు దగ్గరికి తెచ్చి 5 సెకన్లు. 10 సార్లు.

ఊపిరి ఎక్కడా బిగపట్టొద్దు. కళ్లు తిరిగితే ఆపి కూర్చోండి. మెడను గుండ్రంగా తిప్పడం, తలకిందుల ఆసనాలు వద్దు. మెడ టక్కుమని విరిపించుకోవడం అసలే వద్దు. ఎవరు ఎంత చెప్పినా ఆ పనికి తల అప్పజెప్పకండి.

చెయ్యి తిమ్మిరెక్కుతున్నా, మెడ నొప్పి చేతిలోకి దిగుతున్నా ఈ కదలికలు కూడా ఆపి డాక్టర్‌కి చూపించండి.

6. మాత్ర వేసుకోవాల్సి వస్తే

పైవన్నీ చేశాక గంటన్నర గడిచినా నొప్పి కూర్చోనివ్వకపోతే మాత్ర వేసుకోవడం తప్పు కాదు. గర్భంతో ఉన్నప్పుడు నొప్పికి డాక్టర్లు ముందుగా చెప్పేది పారాసిటమాల్. మీ డాక్టర్‌ను మొదటి చెకప్‌లోనే అడిగి, మీ బరువుకు ఎంతో, రోజుకు ఎన్నో చీటీ మీద రాయించుకోండి. మామూలుగా 500 ఎంజీ ఒకటి, కనీసం 6 గంటల ఎడంతో. కాలేయం జబ్బు ఉన్నవాళ్లు, బరువు 50 కిలోల లోపు ఉన్నవాళ్లు మోతాదు తప్పకుండా అడగాలి. జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, రెండూ కలిపి వేసుకుంటే మోతాదు దాటిపోతుంది.

పారాసిటమాల్‌తో పిల్లలకు ఆటిజం వస్తుందని 2025 సెప్టెంబర్ నుంచి వాట్సాప్‌లో మెసేజ్‌లు తిరుగుతున్నాయి. అలాంటి సంబంధం ఉందని తేల్చే రుజువులు లేవని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ నెలలోనే చెప్పింది. అవసరమైనప్పుడు, తక్కువ మోతాదులో, తక్కువ రోజులు. జ్వరం ఉంటే మాత్రం భయపడి మానకండి. మొదటి నెలల్లో ఎక్కువ జ్వరమే బిడ్డకు మంచిది కాదు.

ఇవి వద్దు:

☐ ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్ ఉన్నవేవీ. కాంబిఫ్లామ్‌లో పారాసిటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ ఉంటుంది
☐ నొప్పికని సొంతంగా ఆస్పిరిన్. డాక్టరే చిన్న మోతాదులో రాసిచ్చి ఉంటే అది వేరే పని కోసం, దాన్ని మానకండి
☐ ఎర్గోటమైన్ ఉన్న పార్శ్వపు నొప్పి మాత్రలు
☐ ముక్కులో పోసే ఆకు పసర్లు, ఏముందో తెలియని పొడులు

పార్శ్వపు నొప్పి రాకుండా ముందు నుంచే రోజూ మాత్ర వాడుతున్నవాళ్లు ఈ రోజే ఆ స్ట్రిప్ డాక్టర్‌కి చూపించండి. వాల్‌ప్రోయేట్, టోపిరమేట్ లాంటివి మొదటి వారాల్లో బిడ్డ అవయవాలకు హాని చేస్తాయి. మూర్ఛ కోసం వాడుతుంటే సొంతంగా ఆపినా ప్రమాదమే, కాబట్టి ఆలస్యం చెయ్యకుండా అడిగి మార్పించుకోండి.

అమృతాంజనం, జండూబామ్ లాంటివి రాసుకోవచ్చా అని అడుగుతారు. వాటిలో చాలావాటిలో ఆస్పిరిన్ జాతి నూనె ఉంటుంది. మెడంతా పట్టించి దుప్పటి కప్పుకోవడం వద్దు. కొబ్బరి నూనె, కాపడం ఆ పని చేస్తాయి. సొంఠి పట్టు కూడా ఈ రోజుల్లో సున్నితంగా ఉండే చర్మాన్ని కాలుస్తుంది.

7. టీ, కాఫీ

నా మొదటి కాన్పప్పుడు, నెల తప్పిందని తెలిసిన పొద్దునే కాఫీ మానేశాను. మర్నాడు మధ్యాహ్నం నుంచి మూడు రోజులు కళ్లు తెరవలేకపోయాను. బిడ్డకేదో అయిందని ఇంట్లో అంతా టెన్షన్ పడ్డారు. కెఫీన్ ఒక్కసారిగా మానితే 12 నుంచి 24 గంటల్లో తలపోటు మొదలై, రెండో రోజుకు బాగా పెరిగి, వారం దాకా ఉండొచ్చు.

కాబట్టి తగ్గించండి, తెగ్గొట్టకండి. గర్భిణికి రోజుకు 200 ఎంజీ లోపు కెఫీన్ ఫర్వాలేదు. ఇంచుమించు రెండు చిన్న కప్పుల కాఫీ, లేదా మూడు నాలుగు చిన్న గ్లాసుల టీ. రోజుకు ఆరు టీలు తాగే అలవాటుంటే రెండు రోజులకొకటి చొప్పున తగ్గించుకుంటూ రండి. ఐరన్ మాత్ర వేసుకునే వేళకు గంట అటూ ఇటూ టీ వద్దు, మాత్ర ఒంటికి పట్టదు.

8. పని చేసే చోట

మన జిల్లాల్లో ఆడవాళ్ల పనుల్లో చాలావరకు తల దించుకుని చేసేవే. పలాస, కాశీబుగ్గల్లో జీడిపిక్కల పని, పొందూరులో రాట్నం, ఇంట్లో కత్తిపీట, ఇప్పుడు ఒళ్లో ఫోన్.

జీడిపప్పు ఒలిచే పనికి వెళ్లే ఒకమ్మాయి మూడో నెలలో నా దగ్గరికి వచ్చింది. మధ్యలో లేచి తిరగమంటే, "మెడెత్తితే కేజీలు తగ్గిపోతాయి మేడం" అంది. అది నిజం. కేజీల లెక్కన కూలీ ఇచ్చేచోట విశ్రాంతి తీసుకోమని చెప్పి పంపేస్తే సరిపోదు. అందుకని ఆమె మెడ వంచి పప్పు దగ్గరికి వెళ్లకుండా, పప్పునే మెడ దగ్గరికి తెచ్చాం. రెండేసి ఇటుకలు పేర్చి పైన పలక వేసి పళ్లెం దాని మీద పెట్టుకుంది. నడుం వెనక గోడకు ఆనేలా జరిగి కూర్చుంది. ఒక్కో గిన్నె నిండాక గడ్డం వెనక్కి ఐదుసార్లు, అంతే. నీళ్ల సీసా పక్కనే. రెండు వారాలకు వచ్చి, రోజూ వచ్చే నొప్పి వారానికి రెండుసార్లు వస్తోందని చెప్పింది. కాల్చే బట్టీ పొగకు దూరంగా, గాలి వచ్చే వైపు చోటు అడిగి మార్పించుకుంది కూడా.

ఇదే సూత్రం అన్ని చోట్లా పెట్టుకోండి.

☐ కూరగాయలు కత్తిపీట ముందు వంగి కాకుండా బల్ల మీద పెట్టి చాకుతో
☐ ఫోన్ కళ్ల ఎత్తుకు. మోచేతుల కింద దిండు పెడితే చేతులు లాగవు
☐ నెత్తి మీద బిందె, కట్టెల మోపు ఈ నెలల్లో వద్దు. నీళ్లు చిన్న బకెట్లతో, రెండు చేతులకూ సమానంగా
☐ రాట్నం ముందైనా, కుట్టుమిషన్ ముందైనా అరగంటకోసారి లేచి నిమిషం నడవాలి
☐ సూదిలో దారం ఎక్కించడానికి కళ్లు చిట్లించాల్సి వస్తుంటే కళ్లజోడు పరీక్ష

9. పడుకునే తీరు

మొదటి మూడు నెలల్లో ఎడమ పక్కకే పడుకోవాలన్న నియమం లేదు. మెడ వంకర పోకుండా ఉంటే చాలు. బోర్లా పడుకుంటే తల రాత్రంతా ఒక పక్కకు మెలిపడి ఉంటుంది, అది మానెయ్యండి.

పక్కకు పడుకునేవాళ్లకి దిండు చెవికీ భుజానికీ మధ్య ఖాళీ నిండేంత ఎత్తుండాలి. పెళ్లిలో పెట్టిన దూది దిండ్లు రెండు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే చాలా ఎక్కువ. వెల్లకిలా పడుకునేవాళ్లు పల్చటి దిండు వేసుకుని, తువ్వాలును నాలుగు వేళ్ల లావు చుట్టి, మెడ కింద ఒంపులో పెట్టుకోండి. తల దిండు మీద, చుట్ట మెడ కింద. పొద్దున మెడ ఎలా ఉందో చూసి చుట్ట లావు పెంచడం, తగ్గించడం చేసుకోవాలి. లేచేటప్పుడు తిన్నగా లేవకుండా, పక్కకు తిరిగి చేత్తో నొక్కుకుని లేవండి.

10. ఎక్కువగా చూసే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

ఉపవాసాలు. శనివారాలు, కార్తీక సోమవారాలు ఉండే అలవాటున్నవాళ్లు ఈ మూడు నెలలు పండ్లు, పాలు, మజ్జిగ గంటగంటకూ తీసుకుంటూ ఉండండి. ఖాళీ కడుపు, నీళ్లు కూడా తాగని ఉపవాసం వద్దు. విజయనగరంలో పైడితల్లమ్మ పండక్కి సిరిమాను చూడ్డానికి గంటల తరబడి జనంలో నిలబడటమూ అంతే. మేడ మీదో, నీడలోనో కూర్చుని చూసే చోటుంటేనే వెళ్లండి.

తలకు గుడ్డ బిగించి కట్టడం. కాసేపు హాయిగా ఉంటుంది, గంటలు ఉంచితే కండరం ఇంకా బిగుస్తుంది. 15 నిమిషాలకు తీసెయ్యండి.

తగ్గిపోయిందని నీళ్లు మానెయ్యడం. మూత్రం లేత గడ్డి రంగులో ఉంటే సరిపోతోందని, ముదురు పసుపైతే సరిపోలేదని.

రక్తం తక్కువని చూసుకోకపోవడం. హిమోగ్లోబిన్ 11 కంటే తక్కువైతే గర్భిణికి రక్తహీనత కిందే లెక్క. మెట్లెక్కితే ఆయాసం, దాంతో తలపోటు ఉంటే ముందు ఇదే చూడాలి. మొదటి మూడు నెలలు ఫోలిక్ యాసిడ్, నాలుగో నెల నుంచి ఐరన్ మామూలుగా ఇస్తారు. రక్తం బాగా తక్కువుంటే డాక్టర్ ముందే చెప్తారు.

వారంలో రెండు రోజులకు మించి మాత్ర వేసుకోవడం. నొప్పి మాత్రలు నెలలో సగం రోజులు పడితే ఆ మాత్రలే తలనొప్పి తెస్తాయి. ఆ లెక్కకు చేరక ముందే డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

11. ఉద్దానం వాళ్లకు ప్రత్యేకంగా

కవిటి, సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురం, మందస, వజ్రపుకొత్తూరు, పలాస మండలాల వాళ్లు ఈ భాగం వదలకండి. ఆ ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎన్ని ఇళ్లలో ఉందో చెప్పక్కర్లేదు. కిడ్నీ దెబ్బతింటే బీపీ పెరుగుతుంది, బీపీ పెరిగితే తలపోటు. ఒళ్లు నొప్పులకి కొనుక్కునే డైక్లోఫెనాక్ లాంటి మాత్రలు ఆ కిడ్నీలకే ఇంకా చేటు చేస్తాయి.

మొదటి చెకప్‌లోనే బీపీ, మూత్రంలో ప్రొటీన్, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీలు ఎలా పనిచేస్తున్నాయో చెప్పే పరీక్ష) చేయించుకోండి. ఒక సంగతి గుర్తుంచుకోండి: గర్భంతో ఉన్నప్పుడు క్రియాటినిన్ మామూలు కంటే తగ్గాలి. రిపోర్టులో నార్మల్ అని ఉన్నా 0.9, 1.0 వస్తే గర్భిణికి అది ఎక్కువే కావచ్చు. ఎవరికి కిడ్నీ జబ్బు ఉందో, పుట్టింట్లోనైనా అత్తింట్లోనైనా, డాక్టర్‌కి చెప్పండి. అక్కడ అందరూ తాగే నీళ్లు, తినే తిండి ఒకటే.

12. డాక్టర్ దగ్గరికి వెళ్లేటప్పుడు

క్యాలెండర్ ఇప్పుడు పనికొస్తుంది. నొప్పి వచ్చిన రోజు గడిలో నాలుగు ముక్కలు రాయండి. ఇలా:

మం. 3 గం. కుడివైపు. పొద్దున 8 తర్వాత తినలేదు. నీళ్లు 2 గ్లాసులు. మజ్జిగ, నిద్రతో 5కి తగ్గింది. మాత్ర లేదు.

రెండు వారాలు ఇలా రాస్తే నొప్పి ఎప్పుడొస్తుందో మీకే తెలిసిపోతుంది. నేను చూసిన క్యాలెండర్లలో ఎక్కువ గడుల్లో "తినలేదు" అనో "నిద్ర లేదు" అనో ఉంటుంది. ఆ కాగితాన్ని ఫోటో తీసి, జిల్లా ఆసుపత్రైనా, విజయనగరం ఘోషాసుపత్రైనా, మీ ఊరి పీహెచ్‌సీ అయినా డాక్టర్ ముందు పెట్టండి. "అప్పుడప్పుడూ వస్తోందండి" అంటే వాళ్లకేమీ తెలియదు.

తీసుకెళ్లాల్సినవి, అడగాల్సినవి:

☐ క్యాలెండర్ ఫోటో, బీపీ అంకెలు తేదీలతో
☐ నెల తప్పాక వేసుకున్న ప్రతి మాత్ర స్ట్రిప్, ఖాళీదైనా
☐ హిమోగ్లోబిన్, థైరాయిడ్, షుగర్ రిపోర్టులు
☐ స్కాన్‌లో పిండం గర్భసంచిలోనే ఉందా అన్న ప్రశ్న
☐ పారాసిటమాల్ ఎంత, ఎన్నిసార్లు, ఎన్ని రోజులు
☐ వాంతులకు మందు కావాలా. వాంతి ఆగితే చాలామందికి తలపోటు కూడా ఆగుతుంది
☐ రాత్రి నొప్పి ఎక్కువైతే ఏ నంబరుకు ఫోన్ చెయ్యాలి

నాలుగైదు నెలలు వచ్చాక తలనొప్పి కొత్తగా మొదలైతే ఈ వరస పనికిరాదు. 20 వారాలు దాటిన తర్వాత వచ్చే తలపోటుకు నీళ్లూ కాపడమూ కాదు, ముందు బీపీ చూపించాలి, అదీ ఆ రోజే.